కోళ్ల షెడ్డు మీద వెలుతురు రేకు వేయాలా? హైదరాబాద్ ఎండకు లెక్క వేరు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందామని మొదలుపెట్టినవాళ్లు షెడ్డు కప్పు దగ్గరికి వచ్చేసరికి ఒకే చోట ఆగిపోతారు. మామూలు రేకు వేస్తే లోపల చీకటి. మధ్యలో ఒకటి రెండు వెలుతురు వచ్చే రేకులు కలిపితే? వెల్డింగ్ షాపులో అడిగితే "వేసేద్దాం సార్, పగలు లైటే అక్కర్లేదు" అంటారు. వీడియోల్లో చూస్తే కప్పు మొత్తం గాజులా మెరిసే షెడ్లు, లోపల బొద్దుగా కోళ్లు. పక్కింటాయన మాత్రం "ఎండాకాలంలో ఉడికిపోతాయి" అని భయపెడతాడు. వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గుతాయన్నది నిజం. ఎండ దెబ్బకు కోళ్లు చస్తాయన్నదీ నిజం. వెలుతురూ నీడా రెండూ ఒకే కప్పు నుంచి రావాలనుకోవడం దగ్గరే తిరకాసంతా ఉంది.

నా మాట ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో కప్పు పని నీడనివ్వడం, వాన ఆపడం. వెలుతురు తేవడం గోడల పని. ఇది ఒప్పుకోవాలంటే ముందు కోడికి వెలుతురు ఎంత కావాలో తెలియాలి. అందరూ అనుకునేదానికంటే అది చాలా తక్కువ.

కోడికి వెలుతురు రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. ఒకటి, తిండీ నీళ్లూ కనిపించడానికి. రెండోది, పగలు ఎంతసేపుందో ఒంటికి తెలియడానికి. గుడ్లకు సంబంధించింది ఈ రెండోదే. పక్షులకు కళ్లతోనే కాదు, మెదడు లోపల కూడా వెలుతురును పసిగట్టే కణాలున్నాయి. పుర్రె మీదుగా లోపలికి చొచ్చుకెళ్లే కాస్త కాంతే వాటికి చాలు. పగలు పొడుగ్గా ఉందని ఆ కణాలు గుర్తిస్తే గుడ్లు పెట్టించే హార్మోన్లు మొదలవుతాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది వెలుతురు ఎంత ధగధగలాడుతోందన్నది కాదు, ఎన్ని గంటలుందన్నది. గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారాల్లో కోడి కంటి ఎత్తులో 10 నుంచి 20 లక్స్ (వెలుతురు కొలత) ఉంటే సరిపెడతారు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఒక పక్క జాలీ ఉన్న షెడ్డులో, నీడలో కూడా, కొన్ని వందల లక్స్ సులువుగా వస్తుంది. అంటే కప్పు పూర్తిగా మూసేసినా కోడికి కావాల్సినదానికంటే ఎన్నో రెట్లు వెలుతురు పక్కల నుంచే వచ్చేస్తుంది. పైగా షెడ్డులో వెలుగు మరీ ఎక్కువైతే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోవడం పెరుగుతుంది. రక్తపు చుక్క కనిపించిందంటే ఇక ఆగవు.

"మరి ఎండ తగిలితే విటమిన్ డి వస్తుంది కదా" అంటారు. వస్తుంది, కానీ ప్లాస్టిక్ రేకు కింద రాదు. చర్మంలో ఆ విటమిన్ తయారవ్వాలంటే అతినీలలోహిత కిరణాలు కావాలి. వెలుతురు రేకుగా వాడే పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వాటిని ఆపేస్తుంది, కిటికీ అద్దం కూడా ఆ పనికొచ్చే కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. కోడి ఒంటి మీద ఈకలుంటాయి కాబట్టి ఈ పని ఎక్కువగా జరిగేది ఈకల్లేని కాళ్ల చర్మంలో. అందుకే పొద్దున ఒక గంట పెరట్లో నీరెండకు వదిలితే వచ్చే లాభం, పదివేలు పెట్టి వేసిన పారదర్శక కప్పు కింద రోజంతా కూర్చోబెట్టినా రాదు.

ఇప్పుడు వేడి సంగతి. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 40 దాటితే ఒంట్లో వేడి గాలిలోకి పోయే దారే ఉండదు, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే మిగులుతుంది. రొప్పినకొద్దీ ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, రక్తంలో క్షారం పెరుగుతుంది, గుడ్డు పెంకుకు కావాల్సిన కార్బొనేట్ తగ్గుతుంది. మే నెలలో గుడ్డు పట్టుకుంటేనే చిట్లిపోవడం వెనక ఉన్న కథ ఇదే. దానికి సున్నపురాయి పొడి ఎంత పోసినా, నెత్తి మీద కప్పు కాలుతున్నంతసేపు పూర్తి ఫలితం ఉండదు.

వెలుతురు రేకు తెచ్చే వేడి ఎంతో లెక్క వేసి చూడండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. మూడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న రేకు వైశాల్యం రెండు చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. గాజులా పారదర్శకంగా ఉండే కొత్త పాలీకార్బొనేట్ రేకు అందులో ముప్పాతిక వంతు లోపలికి వదిలేస్తుంది. అంటే ఒక్క రేకు వేస్తే మే నెల మధ్యాహ్నం షెడ్డులో కిలోవాటున్నర రూమ్ హీటర్ ఆన్ చేసి పెట్టినట్టే.

అలా ఒక్క రేకు ఉన్న షెడ్డులోకి మే నెలలో ఒంటిగంటకు తొంగి చూస్తే లెక్కలు కూడా అక్కర్లేదు. నేల మీద రేకు ఆకారంలోనే ఎండపొడ పడి ఉంటుంది. అందులో ఒక్క కోడీ ఉండదు. అన్నీ గోడ పక్కన మిగిలిన నీడలో రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, ముక్కులు తెరుచుకుని కిక్కిరిసి ఉంటాయి. పొడ జరిగేకొద్దీ అవీ జరుగుతుంటాయి. నీళ్ల గిన్నె ఆ పొడలోకి వచ్చిందంటే నీళ్లు వేడెక్కుతాయి, వేడి నీళ్లను కోళ్లు తాగవు. షెడ్డు చిన్నదైతే జరగడానికి చోటు కూడా ఉండదు.

మరి విదేశీ వీడియోల్లో అంతా బాగానే ఉందేమని అడగొచ్చు. వాళ్ల సూర్యుడు వేరు. లండన్‌లో డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మధ్యాహ్నం కూడా సూర్యుడు నేలకు 15 డిగ్రీల ఎత్తులో వాలిపోయి ఉంటాడు. ఉన్న కాస్త వెలుగునూ, కాస్త వెచ్చదనాన్నీ కప్పు గుండా పట్టుకోవడం వాళ్లకు అవసరం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అతి చిన్న పగలు కూడా 11 గంటలకు కాస్త ఎక్కువే, అతి పెద్దది 13 గంటలు దాటుతుంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. నీడ లేని రోజంటూ పేపర్లలో ఫొటోలు వేసేది వీటినే. మొదటిది సరిగ్గా వడగాడ్పుల రోజుల్లో పడుతుంది. కప్పు మీద ఎక్కడ కన్నం పెట్టినా, ఉత్తరం వాలులో పెట్టినా, ఆ రోజుల్లో ఎండ నేరుగా దిగుతుంది. "ఉత్తరం వైపు పెడితే ఎండ రాదు" అనే మాట నిలువు గోడకు బాగా వర్తిస్తుంది, కప్పుకు వర్తించదు.

ఇదే లెక్కను మనకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, దక్షిణం వైపు చూరు రెండడుగులు బయటికి వదిలారనుకోండి. మార్చి 21 ప్రాంతంలో మధ్యాహ్నపు ఎండకు ఆ చూరు నీడ ఆరడుగుల పైన కిందికి పడుతుంది, అంటే గోడంతా నీడే. అక్కడి నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా దక్షిణపు జాలీ గుండా మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి 49 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు అదే చూరు నీడ రెండడుగుల పైచిలుకే. దాని కింద నుంచి ఎండ ఏటవాలుగా లోపలికొచ్చి నేల మీద పరిచిన ఊక మీద పడుతుంది, వానాకాలం చెమ్మంతా లాగేస్తుంది. కావాల్సినప్పుడు ఎండ వచ్చి, వద్దన్నప్పుడు రాకుండా ఉండటానికి అదనంగా పెట్టిన ఖర్చు రెండడుగుల రేకు మాత్రమే.

చిన్న షెడ్డుకు ఒంటివాలు కప్పు చాలు. ఎత్తు ఉత్తరం వైపు ఏడు, ఏడున్నర అడుగులు, దక్షిణం వైపు అయిదడుగుల చిల్లర. ఎత్తుగా ఉన్న ఉత్తరపు గోడలో పైభాగమంతా జాలీ ఉంటే ఏడాది పొడవునా మెత్తటి వెలుతురు వస్తుంది, పైకి చేరిన వేడిగాలీ, రెట్ట నుంచి లేచే అమోనియా వాసనా అటే పోతాయి. జూన్‌లో మాత్రం పొద్దున, సాయంత్రం సూర్యుడు తూర్పు పడమరలకు 25 డిగ్రీల దాకా ఉత్తరంగా ఉంటాడు కాబట్టి కాసేపు ఏటవాలు ఎండ వస్తుంది, దాంతో పెద్ద ఇబ్బంది లేదు.

తూర్పు వైపు పూర్తిగా జాలీ పెట్టేయొచ్చు. పొద్దుటి ఎండ ఎప్పుడూ శత్రువు కాదు.

పడమర సంగతి అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఎండ అడ్డంగా వస్తుంది, ఎంత చూరు వదిలినా ఆపలేం. వానాకాలంలో జల్లు కొట్టేదీ ఎక్కువగా పడమర, నైరుతి వైపు నుంచే. కాబట్టి ఆ గోడను ఇటుకతోనో, సిమెంటు పలకలతోనో మూసేసి, పైన ఒక అడుగు మాత్రం గాలికి వదలండి. బయట బీర, చిక్కుడు తీగ పాకించినా, తాటాకు తడక ఆనించినా గోడ కాలదు. గుడ్లు పెట్టే గంపలైనా, డబ్బాలైనా ఈ గోడ పక్కనే పెట్టొచ్చు. కోళ్లకు గుడ్డు పెట్టడానికి కాస్త చీకటి మూల కావాలి, ఎక్కువగా మధ్యాహ్నంలోపే పెట్టేస్తాయి, గోడ వేడెక్కేసరికి డబ్బా ఖాళీ అయిపోతుంది. పొదిగే కోడిని మాత్రం అక్కడ ఉంచకండి, అది రోజంతా కదలదు.

ఇక కప్పుకు ఏం వేయాలి? ఇక్కడ ఎవరి అనుభవం వారిది, రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే నాలుగు సలహాలు వస్తాయి.

ఇనుప రేకు చవక, తేలిక, ఎవరైనా బిగించగలరు. కానీ మే ఎండకు అది 60 డిగ్రీలు దాటి కాలుతుంది. పైన తగిలిన వేడి కింది వైపు నుంచి నేరుగా కోళ్ల మీదికి కొడుతుంది. రాత్రి పడుకునే అడ్డకర్ర రేకుకు దగ్గరగా ఉంటే సాయంత్రం ఏడింటికి కూడా ఆ సెగ తెలుస్తుంది, చెయ్యి పైకెత్తి రేకు కింద పెట్టి చూడండి. అందుకని ఇనుప రేకును ఒంటరిగా వదలకూడదు. అన్నిటికంటే చవకైన మందు తెల్ల రంగు. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేస్తే ఆ వేసవి గడుస్తుంది. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా శివరాత్రి దాటాక మళ్లీ వేసుకోవాలి. నిలవాలంటే కూల్ రూఫ్ పెయింట్లున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2023–28 కాలానికి కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇదే సూత్రం మీద: ఎండను లోపలికి పీల్చుకోకుండా తిప్పికొట్టే కప్పు. మనుషుల డాబాకు పనికొచ్చింది కోళ్లకు పనికిరాకపోదు.

ఇంకా మంచిది జోడు కప్పు. రేకు మీద అడుగు ఎత్తులో కర్రలు కట్టి గ్రీన్ షేడ్ నెట్ పరిస్తే ఎండలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. నెట్‌ను నేరుగా రేకు మీదే పరిస్తే ఆ లాభం సగం పోతుంది. కొబ్బరి మట్టలు, తాటి కమ్మలు, వరిగడ్డి ఏది దొరికితే అది రేకు పైన వేయొచ్చు. రేకు కింద మాత్రం కట్టొద్దు, అక్కడ ఎలుకలు కాపురం పెడతాయి, వాటి వెనకే పాము వస్తుంది. థర్మాకోల్ షీటు సీలింగుగా కొట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కోళ్లకు థర్మాకోల్ అంటే మహా ఇష్టం, అందినంత మేర పొడిచి తినేస్తాయి. కొట్టక తప్పదంటే దాని కింద ప్లైవుడ్డో, రేకో ఉండాలి.

పూర్తిగా గడ్డి కప్పుకు చల్లదనంలో సాటి లేదు. కానీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి, నేయగలిగినవాళ్లు నగరంలో దొరకడం కష్టం. కాలనీల మధ్య ఉన్నవాళ్లు దీపావళి రాకెట్లను కూడా గుర్తుపెట్టుకోవాలి.

పెంకులు నాకు నచ్చిన కప్పు. నిదానంగా వేడెక్కుతాయి, సందుల్లోంచి గాలి పీలుస్తాయి, ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. పాత ఇళ్లు కూల్చే చోట తక్కువకే దొరుకుతాయి. బరువెక్కువ, వాలు బాగా ఇవ్వాలి. శివారు కాలనీల్లో మాత్రం కోతుల బెడద చూసుకుని దిగండి. ఒక గుంపు ఒక్కసారి నడిచి వెళ్లిందంటే మళ్లీ నిచ్చెన వేయాల్సిందే.

సిమెంటు రేకు ఈ నగరానికి పాత చుట్టం. సనత్‌నగర్‌లో 1940లలోనే ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల ఫ్యాక్టరీ వచ్చింది, ఇప్పటికీ ఎన్నో ఇళ్ల మీద అవే కనిపిస్తాయి. ఇనుముకంటే కాస్త నయం, వాన చప్పుడు తక్కువ. అయితే ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అసలు ప్రమాదం కోసినప్పుడు, కన్నాలు వేసినప్పుడు, విరిగినప్పుడు లేచే దుమ్ముతో. ఇంటి వెనక పడున్న పాత రేకులను కోళ్ల షెడ్డు కొలతకు కోయించడం వద్దంటాను. కొత్తవే కొనేటట్టయితే ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి, అడిగి తీసుకోండి.

పాత ఫ్లెక్సీలు కూడా కప్పులయ్యాయి మన ఊళ్లో. వాన జల్లుకు పక్కన పరదాగా దించడానికి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. పైన కప్పుగా వేస్తే మాత్రం ఒక వేసవికే చీలికలు పీలికలవుతాయి, నాయకుడి నవ్వుతో సహా.

అంతా విన్నాక కూడా షెడ్డు మరీ లోతుగా ఉండి, మూడు వైపులా ఇళ్ల గోడలుండి, వెలుతురు వచ్చే దారే లేదనిపిస్తే? అప్పుడు ఆ వెలుతురు రేకును నిలువుగా, ఉత్తరపు గోడ పైభాగంలో పెట్టండి. పైనే పెట్టక తప్పదంటే చెట్టు నీడ పడే చోట, పాలరంగుది, ఒక్క అడుగు వెడల్పుకు మించకుండా. మార్చి నుంచి జూన్ దాకా దాని మీద గోనెసంచి కప్పేయండి. ఫైబర్ రేకు కొంటే రెండు మూడేళ్లకు పసుపెక్కి, పెళుసెక్కి, వడగళ్లకు పగులుతుందని ముందే తెలిసుండాలి. పాలీకార్బొనేట్ అయితే అతినీలలోహిత పూత ఉన్న వైపు పైకి రావాలి. బిగించేవాళ్లు తొందరలో తిరగేస్తే అది కూడా అంతే త్వరగా పాడవుతుంది.

డాబా మీద పెంచేవాళ్లకు ఇంకో చిక్కుంది. కింద శ్లాబు కాలుతుంది, చుట్టూ పిట్టగోడ గాలిని ఆపేస్తుంది. వాటర్ ట్యాంకు దిమ్మె కింద నీడ ఉంటే అంతకు మించిన చోటు లేదు, కారడం లేకుండా చూసుకుంటే చాలు. లేదంటే షెడ్డు నేలను శ్లాబుకు అడుగున్నర ఎత్తున లేపి కట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి జాలీకి తడి గోనెసంచులు వేలాడదీస్తే నిజంగానే చల్లబడుతుంది. తొలకరి పడ్డాక ఆ పని మానేయాలి, గాలిలో చెమ్మ ఉన్నప్పుడు అది ఉక్కపోతను పెంచడం తప్ప చేసేదేమీ లేదు.

మేత పెట్టే చోట మీద మాత్రం ఒట్టి నెట్ సరిపోదు, గట్టి కప్పే ఉండాలి. 2025 మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బర్డ్ ఫ్లూ టెన్షన్ ఎంత నడిచిందో చూశాం. కాకులు, పావురాలు, కొంగల రెట్ట మేతలో, నీళ్లలో పడకుండా ఆపేది ఈ కప్పే. పావురాలకు మేత వేసే అలవాటు ఎక్కువగా ఉన్న నగరంలో ఇది చిన్న విషయం కాదు.

శీతాకాలంలో గుడ్లు తగ్గితే బల్బు పెట్టాలా అన్నది చివరిగా అందరూ అడిగేది. డిసెంబరులో పగలు 11 గంటలే కాబట్టి తగ్గడం సహజం. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే కోళ్లయితే ఎలాగూ ఆపేస్తాయి. ఇంటికి ఆరు కోళ్లున్నవాళ్లు ఆ రెండు నెలలు వాటిని వదిలేయమనే నేను చెబుతాను. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియలాంటి గుడ్ల రకం పెంచుతూ, గుడ్లు ఆగకూడదనుకుంటే మాత్రం చిన్న ఎల్‌ఈడీ బల్బును టైమర్‌తో తెల్లవారుజామున వెలిగించండి, మొత్తం 14 గంటలయ్యేలా. సాయంత్రం వైపు పొడిగిస్తే బల్బు ఠక్కున ఆరినప్పుడు కోళ్లు కర్ర ఎక్కకుండానే చీకట్లో చిక్కుకుంటాయి. ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు ఈ బల్బు అసలు వద్దు. ఒళ్లు ఎదగకముందే గుడ్డు మొదలైతే గుడ్డు సంచి బయటికి జారే ప్రమాదం ఉంది.

రాత్రి చీకటి కూడా పగటి వెలుతురంత అవసరమే. వీధిలైటు తిన్నగా జాలీ గుండా పడే షెడ్లు కాలనీల్లో చాలా ఉన్నాయి. కోళ్లకు రాత్రంతా పొద్దు కుంకనట్టే ఉంటుంది, సరిగ్గా నిద్రపోవు. ఆ వైపు ఒక పరదా దించితే సరి. అయితే పరదా వేస్తే పుంజు కూయడం ఆగిపోయి పక్కింటివాళ్లు శాంతిస్తారని ఆశపడకండి. పుంజు ఒంట్లోనే గడియారం ఉంది, వెలుగు కనపడకపోయినా తెల్లవారకముందే మొదలుపెడుతుంది.

బిగింపు విషయం ఏప్రిల్ లోపే చూసుకోవాలి. వేసవి మధ్యలో వచ్చే ఈదురుగాలి, గాలివాన రెండడుగుల చూరును కింద నుంచి పట్టి లేపుతాయి. రేకు మీద రాళ్లు, పాత టైర్లు పెడితే ఆగుతుందనుకోవడం ప్రమాదం, అవే ఎగిరి ఎవరి మీదైనా పడతాయి. ప్రతి రేకునూ కొక్కెంలా వంగి ఉండే జె-బోల్టులతో పైపుకు బిగించి, రబ్బరు వాషర్లు వేసి, చూరు అంచున ఇంకో వరస బోల్టులు అదనంగా కొట్టించండి. చూరు నీళ్లు పడే గీత వెంట అడుగు వెడల్పున కంకర పోయిస్తే బురద చిమ్మి జాలీ లోపలికి రాదు, ఊక తడవదు.